ఊరిపేరు మోసే జట్లు

జీతం తీసుకొని ఆడే ఆటగాళ్లు, వారిని ఒప్పందాలతో తెచ్చుకొనే యాజమాన్యం, ప్రసార హక్కులు కొనే టీవీ సంస్థ, టికెట్టు కొని చూసే ప్రేక్షకుడు కలిసినప్పుడే ఒక ఆట వృత్తి క్రీడ అవుతుంది. ఈ నలుగురిలో మొదటి ముగ్గురికీ తమ తమ లెక్కలు ఉంటాయి. నాలుగోవాడు మాత్రం చేతి డబ్బు పెట్టి, తిరిగి పైసా రాదని తెలిసి కూడా, "మన జట్టు" అన్న ఒక్క మాటను పట్టుకొని ఏళ్ల తరబడి వేలాడుతాడు. ఆ మాట ఎంత దూరం వరకు చెల్లుతుంది, హైదరాబాదు పేరు పెట్టుకొన్న ఫుట్‌బాల్ జట్టును సుమారు 140 కిలోమీటర్ల అవతల తొర్రూరులో ఉన్న యువకుడు ఏ హక్కుతో తనదనుకొంటాడు, ఆ జట్టు ఒకనాడు పెట్టేబేడా సర్దుకొని మరో రాష్ట్రానికి పోతే అతనికి మిగిలేదేమిటి అన్నవి ఇటీవలి వరకు ఎవరూ పట్టించుకోని ప్రశ్నలు. 2019 నుంచి 2025 దాకా తెలంగాణ ఫుట్‌బాల్ నడిచిన తీరు చూశాక వాటిని పక్కన పెట్టడం కుదరదు.

తొర్రూరు వరంగల్–ఖమ్మం జాతీయ రహదారి మీద ఉన్న పట్టణం. చుట్టుపక్కల ఊళ్ల పత్తి, ధాన్యం వచ్చి చేరే చోటు. సొంత ఆర్టీసీ డిపో ఉన్న కూడలి. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టినప్పుడు అది మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్లింది గాని, దూరప్రాంతాల్లో ఎవరైనా అడిగితే "మాది వరంగల్" అని చెప్పే అలవాటు చాలామందికి ఇంకా పోలేదు. ఇక్కడి పిల్లలకు ఆట అంటే కబడ్డీ, వాలీబాల్, వాటితో పాటు ఎక్కడ పడితే అక్కడ క్రికెట్. కబడ్డీకి సున్నంతో గీసిన గీతలు చాలు. వాలీబాల్‌కు రెండు గుంజలు పాతి నెట్టు కడితే సరిపోతుంది. ఫుట్‌బాల్‌కు దాదాపు వంద మీటర్ల చదును నేల కావాలి, బాస్కెట్‌బాల్‌కు గట్టి కోర్టు, పది అడుగుల ఎత్తున రింగు, దాని వెనుక బోర్డు కావాలి. ఇవి గురుకులాల్లోనో, పెద్ద కాలేజీల్లోనో తప్ప మామూలు పాఠశాల పిల్లలకు అందేవి కావు. అందువల్ల ఇక్కడి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అభిమానుల్లో ఎక్కువమంది ఆ ఆటలను ముందు కాళ్లతో, చేతులతో నేర్చుకొన్నవారు కారు, కళ్లతో నేర్చుకొన్నవారు. ఐరోపా లీగుల మ్యాచులు మనకు అర్ధరాత్రి వేళ వస్తాయి. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ ఆటలు తెల్లవారుజామున మొదలై, పాలవాడు వచ్చి పోయే సమయానికి ముగుస్తాయి. ఇంట్లోవాళ్లు నిద్రపోతుండగా ఫోన్ వెలుతురులో, చెవిలో తీగ పెట్టుకొని, గోల్ పడినా గట్టిగా అరవలేని అభిమానం అది. అటువంటివాడికి రాత్రి ఏడున్నరకు, అన్నం తినే వేళకు, తన రాజధాని పేరుతో ఒక జట్టు తెర మీదికి వచ్చినప్పుడు కలిగే సంతోషం ఆట నాణ్యతతో ముడిపడినది కాదు. ఆ జట్టు కోసం అతను గొంతెత్తి అరవవచ్చు, అంతే.

హైదరాబాదుకు ఫుట్‌బాల్ కొత్తదని అనుకొనేవారికి కాస్త వెనక్కి చూపించడం అవసరం. సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు 1943 నుంచి 1963లో కన్నుమూసే వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, ఆ తరువాత భారత జట్టును తీర్చిదిద్దాడు. సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు గెలిచింది. రహీం శిక్షణలో భారతదేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ వంటివారు ఆ నేల మీదే ఎదిగారు.

ఆనాటి సిటీ పోలీసు జట్టు నేటి అర్థంలో వృత్తి జట్టు కాదు. ఆటగాడికి పోలీసు శాఖలో ఉద్యోగం, నెల జీతం ఉండేవి. ఆట ఆ ఉద్యోగంలో భాగం. అమ్మకాలు, కొనుగోళ్లు, వేలాలు లేవు, కాబట్టి జట్టును మూటగట్టి మరో నగరానికి తరలించే వీలూ లేదు. ఇందులోని లోపాన్ని దాచనక్కర లేదు. డబ్బు తక్కువ కావడం వల్ల మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరుగా కలకత్తా దారి పట్టారు. బలరాం 1957లో, మహమ్మద్ హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లారు, తరువాతి తరంలో షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అదే బాట నడిచారు. ఆటగాళ్లు పోయారు గాని జట్టు పోలేదు. నేటి పద్ధతిలో ఇది తలకిందులైంది: ఆటగాళ్లు ఎలాగూ ఏటా మారతారు, ఇప్పుడు జట్టే మారుతుంది.

ఇండియన్ సూపర్ లీగు 2014లో ఫ్రాంచైజీ పద్ధతిలో మొదలైంది. ఫ్రాంచైజీ అంటే, ఒక నగరం పేరుతో జట్టు నడుపుకొనే హక్కును లీగు నిర్వాహకుల నుంచి రుసుము కట్టి పొందడం; ఆ హక్కు పెట్టుబడి పెట్టినవారిదే తప్ప నగరానికి అందులో వాటా లేదు. 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ దారినే వచ్చింది. అప్పటికి పుణె సిటీ క్లబ్బు ఆర్థికంగా చితికి మూతపడగా, లీగులో ఆ ఖాళీని హైదరాబాదుతో నింపారు. గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం సొంత మైదానమైంది, పసుపుపచ్చ జెర్సీ వచ్చింది, డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం డప్పులు, జెండాలు పట్టుకొని ఒక స్టాండును తమదిగా చేసుకొంది. 2019 నవంబరు 2న కేరళ బ్లాస్టర్స్ మీద 2–1తో తొలి విజయం దక్కింది. ఆ ఏడాది పట్టికలో అట్టడుగున నిలిచినా అభిమాని పెద్దగా బాధపడలేదు. కొత్త జట్టు కదా అని సర్దిచెప్పుకొన్నాడు.

తొర్రూరు నుంచి గచ్చిబౌలికి వెళ్లి మ్యాచ్ చూడటం అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే స్థానిక జట్టు అనే మాట బరువు ఆ దారిలోనే తెలుస్తుంది. తిరుమలగిరి, మోత్కూరు మీదుగా గానీ, వరంగల్ వైపు తిరిగి గానీ బస్సు ఉప్పల్ చేరాలి. అది నగరానికి తూర్పు అంచు, స్టేడియం పడమటి అంచున ఉంది. మధ్యలో ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ప్రయాణం, అది దిగాక ఆటో. ఏడున్నరకు మొదలైన ఆట తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. తిరిగి ఉప్పల్ చేరేసరికి తొర్రూరు వైపు వెళ్లే చివరి బస్సు దాటిపోయి ఉంటుంది. అంటే తొంభై నిమిషాల ఆట కోసం ఒక పగలు, ఒక రాత్రి, ఏ దోస్తు గదిలోనో చాప మీద పడక, మరునాటి కూలీ గానీ కాలేజీ గానీ పోగొట్టుకోవడం. ఇంత చేసి వెళ్లినవాడు గెలుపు కోసం వెళ్లాడని అనుకోవడం పొరపాటు. గెలుపు ఫోన్‌లో ఉచితంగా కనిపిస్తుంది. నలుగురితో కలిసి ఒకే రంగు వేసుకొని, ఒకే పేరు పెట్టి పిలిచే హక్కు కోసం అతను ఆ ఖర్చు పెడతాడు. మార్కెటింగ్ నిపుణుల లెక్కల్లో ఇతను చాలా చిన్నవాడు, ఏడాదికి ఒకసారి వచ్చే గిరాకీ. అయితే క్లబ్బు పేరులోని నగరాన్ని రాష్ట్రమంతటికీ విస్తరింపజేసేవాడు ఇతనే.

కరోనా వచ్చి ఈ కాస్త అవకాశాన్నీ మూసేసింది. 2020–21, 2021–22 సీజన్లను లీగు పూర్తిగా గోవాలోనే, ఆటగాళ్లను బయటివారితో కలవనీయకుండా హోటళ్లకు పరిమితం చేసి నడిపింది. ఆ రెండో సీజన్‌లోనే స్పెయిన్ శిక్షకుడు మనోలో మార్క్వెజ్ ఆధ్వర్యంలో, నైజీరియాకు చెందిన బార్తొలోమ్యూ ఒగ్బెచె 18 గోల్స్‌తో విజృంభించగా, హైదరాబాదు ఫైనల్‌కు చేరింది. 2022 మార్చి 20న ఫతోర్డా స్టేడియంలో ఎదుటి జట్టు మళ్లీ కేరళ బ్లాస్టర్సే. లెక్క ప్రకారం హైదరాబాదు ఆతిథ్య జట్టు కావడంతో పసుపు జెర్సీ దానికి దక్కింది, కేరళ నలుపు వేసుకోవలసి వచ్చింది. స్టాండ్లలో మాత్రం పసుపు వేసుకొన్న జనంలో అత్యధికులు కేరళవారే. సొంత రంగు ప్రేక్షకుల మధ్య హైదరాబాదు పరాయి జట్టుగా ఆడిన వింత అది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకు గోల్ చేశాడు. ఇక అయిపోయిందనుకొంటున్న వేళ, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడి స్కోరు సమమైంది. అదనపు సమయంలోనూ తేలకపోవడంతో పెనాల్టీ షూటౌట్, అంటే గోల్‌కీపర్ ఒక్కడినే ఎదుట నిలిపి చెరి అయిదు కిక్కులు కొట్టే తీర్పు, జరిగింది. హైదరాబాదు గోల్‌కీపర్, గోవావాడైన లక్ష్మీకాంత్ కట్టిమణి కేరళ ఆటగాళ్ల మూడు కిక్కులను ఆపాడు. అందులో నిషు కుమార్ కొట్టినది ఒకసారి ఆపితే, గీత దాటి ముందుకు వచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించగా, రెండోసారీ ఆపాడు. అస్సాం ఆటగాడు హాలీచరణ్ నార్జరీ చివరి కిక్కు వలలోకి పంపడంతో 3–1తో కప్పు హైదరాబాదుదైంది.

ఆ కప్పును హైదరాబాదు నేల మీద ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా గెలిచారు. ఇది నగరానికి మొదటి అనుభవం కాదనేది క్రికెట్ గుర్తున్నవారికి తడుతుంది. 2009 ఐపీఎల్‌ను ఎన్నికల కారణంగా దక్షిణాఫ్రికాకు తరలించినప్పుడు డెక్కన్ ఛార్జర్స్ జోహాన్నెస్‌బర్గ్‌లో టైటిల్ గెలిచింది. ఆ జట్టూ ఆ ఏడు ఉప్పల్‌లో ఒక్క ఆట ఆడలేదు. 2012లో దాని ఫ్రాంచైజీ రద్దయింది. రెండు వేర్వేరు ఆటల్లో హైదరాబాదుకు దేశస్థాయి లీగు టైటిల్ తెచ్చిన ఈ రెండు జట్లూ ఊరి జనం ఎదుట ఆడని ఏడాదిలోనే గెలిచి, ఆ తరువాత కొన్నేళ్లకే కనుమరుగయ్యాయి. కాకతాళీయమని కొట్టిపారేయవచ్చు. కొట్టిపారేసినా ఒక విషయం మిగులుతుంది: ఊరు లేకుండానే జట్టు గెలవగలిగిందంటే, ఊరు లేకుండా జట్టు బతకగలదని పెట్టుబడిదారుకు తోచడం ఎంతో దూరంలో లేదు.

కప్పు గెలిచిన జట్టులో తెలుగు ఆటగాళ్ల కోసం వెతికితే నిరాశే ఎదురవుతుంది. గోవా, అస్సాం, మణిపూర్, సిక్కిం, ఉత్తరప్రదేశ్, కర్ణాటకల నుంచి వచ్చినవారు, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చినవారు ఆ జట్టుకు వెన్నెముక. దీనిని తప్పుగా చూడాల్సిన పని లేదు. వృత్తి క్రీడలో ప్రతిభ ఎక్కడ దొరికితే అక్కడి నుంచి వస్తుంది, అభిమాని కూడా కొద్ది వారాల్లోనే ఒగ్బెచెను తనవాడిగా చేసుకొన్నాడు. ఆటగాళ్లలో ఊరివాళ్లు లేనప్పుడు మైదానమైనా ఊరిలో ఉండాలి, మైదానం కూడా దూరమైనప్పుడు కనీసం పేరైనా నిలవాలి. ఒక్కొక్కటే తీసివేస్తూ పోతే అభిమాని చేతిలో చివరికి జెర్సీ మీది అక్షరాలు తప్ప మిగలవు.

ఆ అక్షరాలు కూడా మిగలలేదు. 2022–23లో పట్టికలో రెండో స్థానం సాధించిన క్లబ్బు, మరుసటి సీజన్‌లో జీతాల బకాయిలు, ఆటగాళ్లను కొత్తగా తీసుకోరాదన్న నిషేధం, సీజన్ మధ్యలోనే వెళ్లిపోయిన విదేశీయులు అన్నీ కలిసి 22 ఆటల్లో ఒకే ఒక్క విజయంతో అట్టడుగుకు పడిపోయింది. ఆ కాలంలో అభిమాని ప్రవర్తన గమనించదగినది. పెద్ద జట్లు రాష్ట్రానికి వచ్చినప్పుడు తప్ప స్టాండ్లు ఖాళీ. ఉన్న కొద్దిమంది మాత్రం కుర్రాళ్లతో నిండిన జట్టు ఓడిపోయినా నిలబడి చప్పట్లు కొట్టారు. గెలుపు రోజుల్లో ఎవరు అభిమానో ఎవరు గాలివాటమో చెప్పడం కష్టం, ఓటమి ఏడాది ఆ ఇద్దరినీ వేరుచేసింది. తరువాత యాజమాన్యం మారింది. 2025 శరత్కాలంలో కొత్త యజమానులు జట్టును దేశ రాజధానికి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. డిపోలో బస్సుకు రూటు బోర్డు తిప్పినంత తేలికగా జరిగిపోయింది.

ఇక్కడ హైదరాబాదు పక్షాన కన్నీరు పెట్టుకొనేవారు ఒక్క క్షణం ఆగాలి. 2019లో హైదరాబాదుకు జట్టు వచ్చిన వేళ పుణెలో డప్పులు మూగబోయాయి. అక్కడా అభిమానుల బృందాలు ఉండేవి, వాళ్లూ అయిదేళ్లు టికెట్లు కొన్నారు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ అనే క్లబ్బు భువనేశ్వర్‌కు పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది, ఢిల్లీ అభిమానులు ఆరేళ్లు ఆ లీగులో తమ ఊరిపేరున్న జట్టు లేకుండా ఉండి 2025లో హైదరాబాదు పోగొట్టుకొన్నదాన్ని పొందారు. ఒకరి ఇంట పెళ్లి బాజా మోగిన ప్రతిసారీ మరొకరి ఇంట దీపం ఆరుతున్నదంటే, లోపం ఏ ఒక్క యజమానిది కాదు, ఊరిపేరును అద్దెకిచ్చే పద్ధతిదే. ఆ పద్ధతి ఎంత పలచనిదో 2025లోనే మరొకసారి బయటపడింది: లీగును నడిపే హక్కుల ఒప్పందం గడువు ముగింపునకు వచ్చి, కొత్తది కుదరక, మొత్తం లీగే సమయానికి మొదలుకాలేకపోయింది.

హైదరాబాదుకు మరో వృత్తి జట్టు ఉంది, శ్రీనిధి దక్కన్. రెండో శ్రేణి అయిన ఐ–లీగులో 2021–22లో అడుగుపెట్టిన ఈ క్లబ్బు ఒక విద్యాసంస్థల సమూహానిది; నగర శివారు అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరీనా అనే సొంత మైదానం దీనికి ఉంది. 2022–23లోనూ 2023–24లోనూ రెండో స్థానంతో సరిపెట్టుకోవడం వల్ల, మొదటి స్థానంలో నిలిచినవారికి దక్కే పై లీగు ప్రవేశం రెండుసార్లు చేజారింది. ఈ జట్టు కూడా పుట్టుకలో విశాఖపట్నానిది, హైదరాబాదుకు తరువాత వచ్చింది. విశాఖ అభిమాని తరఫున ఆ సంగతి చెప్పకుండా దాటడం న్యాయం కాదు. అయినా మైదానాన్ని సొంతంగా కట్టుకొన్నవాడు సులువుగా కదలడు కాబట్టి, స్థానిక జట్టు అన్న పేరుకు ఈ రెండింటిలో శ్రీనిధికే ఎక్కువ అర్హత ఉందనాలి. ప్రచారం తక్కువ, జనం తక్కువ. తొర్రూరులో ఆ పేరు తెలిసినవారు మరీ తక్కువ.

బాస్కెట్‌బాల్ విషయం ఇంకా పలచగా ఉంది. అయిదుగురు ఆటగాళ్లు, నలభై నిమిషాల ఆట, తక్కువ స్థలం చాలుతుంది కాబట్టి ఇది నగరాల్లోనూ పట్టణాల్లోనూ త్వరగా వ్యాపించవలసిన ఆట. పంజాబ్ యువకుడు సత్నామ్ సింగ్‌ను 2015లో డాలస్ మావెరిక్స్ జట్టు ఎంపిక చేసుకొన్నప్పుడు (ఎన్‌బీఏ ఎంపికలో పేరు వినిపించిన తొలి భారతీయుడతడే) దేశంలో ఈ ఆటకు మంచిరోజులు వచ్చాయని అందరూ అనుకొన్నారు. అదే ఏడాది మొదలైన యూబీఏ వృత్తి లీగులో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. 2017 తరువాత ఆ లీగే నడవలేదు. మూన్నాళ్ల ముచ్చట అనే నానుడి అచ్చంగా సరిపోయింది. మళ్లీ 2025లో ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగు యువ ఆటగాళ్లతో వృత్తి పోటీ నడిపినప్పుడు హైదరాబాద్ ఫాల్కన్స్ వచ్చింది. ఆ పోటీ జరిగింది మాత్రం ఢిల్లీలోని త్యాగరాజ్ ఇండోర్ స్టేడియంలో. అన్ని జట్లనూ ఒకేచోట చేర్చి ఆడించడం వల్ల ప్రయాణ ఖర్చు తగ్గుతుంది, టీవీకి కెమెరాలు ఒకేచోట పెట్టుకొనే సౌకర్యం ఉంటుంది. లీగు మొదటి ఏళ్లలో బతకడానికి ఈ పొదుపు అవసరమేనని ఒప్పుకోవాలి. హైదరాబాద్ ఫాల్కన్స్ హైదరాబాదులో ఆడనప్పుడు హన్మకొండలో కాలేజీ కోర్టు మీద బంతి కొట్టే కుర్రవాడికి ఆ పేరుతో ఏమి సంబంధం అన్న ప్రశ్నకు మాత్రం ఆ పొదుపులో జవాబు లేదు. ఇండోర్ హాలు లేని జిల్లా కేంద్రాల్లో ఏడాదికి రెండు ప్రదర్శన మ్యాచులు పెట్టినా టీవీ ప్రకటనలకు రాని ఫలితం వస్తుంది. ఇది ఖర్చుతో కూడినదే గాని అసాధ్యం కాదు.

ఇదే సందర్భంలో కబడ్డీని చూడాలి. తెలుగు టైటాన్స్ 2014 నుంచి ప్రొ కబడ్డీ లీగులో ఉంది, ఇంతవరకు టైటిల్ గెలవలేదు. అయినా తొర్రూరులో కబడ్డీ తెలిసిన ఏ పిల్లవాడిని అడిగినా ఆ జట్టు పేరు చెబుతాడు, రాహుల్ చౌదరి రోజుల నుంచి పవన్ సెహ్రావత్ దాకా రైడర్ల పేర్లు ఒప్పజెప్పగలడు. ఏటా ఓడినా ఏటా వచ్చే జట్టును జనం తిట్టుకొంటూనే తమదిగా ఉంచుకొంటారు. కప్పు తెచ్చి మాయమైన జట్టును ఎలా తలచుకోవాలో మాత్రం ఎవరికీ తెలియదు.

జట్టు ఊరు వదలడం భారతదేశానికే ప్రత్యేకమైన జబ్బు కాదు. అమెరికాలో సియాటిల్ నగరపు సూపర్‌సోనిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు 1967లో మొదలై, 1979లో ఛాంపియన్ అయి, నలభై ఒక్క సీజన్ల తరువాత 2008లో ఓక్లహామా నగరానికి పోయింది. అక్కడి నగరపాలక సంస్థ కోర్టుకెళ్లి చేసుకొన్న ఒప్పందంలో జట్టు పేరును, రంగులను కొత్త ఊరు వాడుకోరాదనీ, సియాటిల్‌కు భవిష్యత్తులో వచ్చే జట్టు కోసం వదిలిపెట్టాలనీ రాసుకొన్నారు. నగరం ఓడిపోతూ కూడా తన పేరును కాపాడుకొన్న ఉదాహరణ ఇది. ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి 2002లో అనుమతి ఇచ్చినప్పుడు, అభిమానులు ఊరుకోలేదు. వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే సొంత క్లబ్బు పెట్టి, ఊరి బయలు మైదానంలో బహిరంగంగా ఆటగాళ్ల ఎంపిక నిర్వహించి, అట్టడుగు లీగుల నుంచి ఎగబాకి 2011లో మళ్లీ జాతీయ స్థాయి ఫుట్‌బాల్ లీగులోకి వచ్చారు. జర్మనీలో ఫుట్‌బాల్ లీగు ఇంకా ముందే జాగ్రత్తపడింది: సగానికి మించి ఓటు హక్కు సభ్యులదే కావాలన్న నియమం వల్ల, కొద్ది మినహాయింపులు తప్ప, ఎంత డబ్బున్నవాడైనా క్లబ్బును ఒంటిచేత్తో కదల్చలేడు.

ఇవన్నీ దూరపు కొండలు అనేవారికి కలకత్తా దగ్గరే ఉంది. 1889లో పుట్టిన మోహన్ బగాన్ 2020లో ఏటీకే అనే ఫ్రాంచైజీతో కలిసిపోయి, ఆ మూడు అక్షరాలను తన పేరుకు ముందు తగిలించుకొంది. అభిమానులు మూడేళ్లు వీధుల్లో, స్టాండ్లలో, బ్యానర్ల మీద ఆ అక్షరాలు తీసివేయాలని పట్టుబట్టారు. 2023 మార్చిలో లీగు టైటిల్ గెలిచిన రాత్రే యజమాని ఆ మార్పును ప్రకటించవలసి వచ్చింది. తరతరాల సభ్యత్వ కార్డులు, మైదానపు గేటు దగ్గర నిలబడే ముసలి అభిమానులు, ఇంట్లో తాత దగ్గర నుంచి మనుమడికి సంక్రమించే పక్షపాతం వెనుక ఉంటేనే అటువంటి పట్టుదల పనిచేస్తుంది. హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆరేళ్ల వయసు. మనుమడి సంగతి అటుంచి, తమ్ముడి వరకైనా ఆ పక్షపాతం దిగిరాక ముందే జట్టు పోయింది. అందుకే ఇక్కడ నిరసన సామాజిక మాధ్యమాల్లో నాలుగు రోజులు కనిపించి ఆగిపోయింది. దీనికి అభిమానిని నిందించడం అన్యాయం, వేరు పడనీయకుండా పీకేసిన మొక్కను గాలికి నిలబడలేదని అనడం తగదు.

మరి తొర్రూరు అభిమానికి స్థానికం అనదగినది ఏమైనా మిగిలిందా అంటే, మిగిలిందనే చెప్పాలి, అయితే అది జట్టు రూపంలో లేదు. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టులో ఆడుతున్నది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు వెళ్లింది. 2024–25లో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టుతో జాతీయ లీగు గెలిచి, ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వారి ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకొన్నది. మహబూబాబాద్ జిల్లా నిండా తండాలు ఉన్నాయి, ఆ తండాల నుంచి వచ్చి తొర్రూరులో చదువుకొనే ఆడపిల్లలున్నారు. వారికి సౌమ్య ఇంటిపేరే ఒక పరిచయం. గోవాలో పెనాల్టీలు ఆపిన గోల్‌కీపర్ కంటే ఈమె దగ్గరిది. ఆమె ఏ ఊరి జెర్సీ వేసుకొన్నా ఈ సంబంధం తెగదు, ఎందుకంటే దాన్ని ఏ ఫ్రాంచైజీ ఒప్పందం ఇవ్వలేదు. వృత్తి జట్ల యజమానులు స్థానిక అభిమానాన్ని వాణిజ్య ప్రకటనలతో కొనాలని చూస్తారు గాని, జిల్లాకు ఒక బడి మైదానం ఎంచుకొని, గోలుపోస్టులు పాతి, ఒక శిక్షకుడికి ఏడాది పొడుగునా జీతమిస్తే వచ్చే అభిమానం వాటికంటే చవక, పైగా మన్నిక ఎక్కువ. రహీం కూడా బడి పంతులే.

హైదరాబాదుకు మళ్లీ ఒక జట్టు వస్తుంది. ఇంత పెద్ద నగరాన్ని, ఇన్ని టీవీలను, ఇన్ని ఫోన్లను ఏ లీగూ ఎక్కువకాలం వదులుకోదు. కొత్త రంగు, కొత్త పాట, చార్మినార్ బొమ్మో గోల్కొండ బొమ్మో ఉన్న కొత్త చిహ్నం వస్తాయి, తొర్రూరు బస్టాండు దగ్గర జెర్సీలు వేలాడతాయి. ఆ రోజున అభిమాని ముందుగా మైదానం ఎన్నేళ్లకు తీసుకొన్నారో, జిల్లాల్లో ఎన్ని చోట్ల పిల్లలకు శిక్షణ ఇస్తారో, జట్టు వెళ్లిపోయే పక్షంలో పేరు, రంగులు ఎవరివో అడగాలి. ఆ ప్రశ్నలు అడిగే బృందాన్ని హైదరాబాదులోనే గాక వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్‌లలో కూడా సభ్యత్వ రుసుము పెట్టి, రిజిస్టరు చేసి కట్టుకోవాలి. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా జెర్సీ కొననవసరం లేదు.